బండి భోగట్టా: చక్రంలో రొద

వానలు తగ్గుముఖం పట్టాక మాకొచ్చే ఉత్తరాల్లో సగం చక్రాల మోత గురించే ఉంటాయి. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల నుంచి వచ్చినవాటిలో వీల్ బేరింగుకు (చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే భాగానికి) సంబంధించినవి ఏరి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపేశాం.

ప్రశ్న: మాది ముందు చక్రాల డ్రైవు ఉన్న చిన్న కారు. 70 వేల కిలోమీటర్లు తిరిగింది. పాతపట్నం దాటి టెక్కలి వైపు పోతుంటే, 50 దాటగానే దూరాన రైసుమిల్లు ఆడుతున్నట్టు ఒకటే హోరు. మెకానిక్ బేరింగు పోయిందంటాడు, టైర్ల షాపాయన టైరే అంటాడు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: ఇద్దరిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. రెండు చప్పుళ్లూ అంత దగ్గరగా ఉంటాయి. డబ్బు ఖర్చు పెట్టేముందు రోడ్డు మీద మూడు పరీక్షలు, జాకీ మీద రెండు పరీక్షలు చేసి చూడండి.

ముందుగా ఇంజనును పక్కన పెట్టేయాలి. చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద 60లో పోతూ గేరు న్యూట్రల్‌కి తెచ్చి కాలు తీయండి. ఇంజను మెల్లబడ్డా హోరు అలాగే ఉండి, బండి వేగంతోపాటే తగ్గుతూ వస్తే అది చక్రాల దగ్గరదే. ఈ పరీక్ష ఘాట్‌లో మాత్రం వద్దు.

రెండోది రోడ్డు మార్పు. ఊళ్లో సిమెంటు రోడ్డు నుంచి హైవే తారు మీదికి ఎక్కినప్పుడు చప్పుడు చప్పున మారిపోతే టైరు మీద అనుమానం. ఏ రోడ్డైనా ఒకే స్వరంలో మోగుతుంటే బేరింగు. టైరు మీద అరచేతిని అడ్డంగా, ముందుకీ వెనక్కీ రాసి చూడండి. ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలితే అరుగుదల సమంగా లేదు, హోరు దానిదే కావచ్చు. ఇంకా తేలకపోతే అదే వైపు ముందు, వెనక టైర్లను మార్చి బిగించి అదే రోడ్డు మీద మళ్లీ పోండి. చప్పుడు టైరుతోపాటు వెనక్కి వెళ్లిందా, టైరే. ఉన్నచోటే ఉందా, బేరింగే. ఈ ఒక్క పనితో చాలా వాదనలు తీరిపోతాయి.

మూడోది స్టీరింగు. 50, 60 మధ్య వేగంలో, ముందూ వెనకా బండ్లు లేనప్పుడు, స్టీరింగును మెల్లగా ఎడమకీ కుడికీ ఊపండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగు మీద అనుమానం, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపుది. నూటికి నూరుపాళ్లు దీన్ని నమ్మకండి. ఇప్పటి బేరింగుల్లో రెండు వరసల గుళ్లు (ఉక్కు గుండ్లు) ఉంటాయి. ఏ వరస దెబ్బతిందన్నదాన్ని బట్టి ఒక్కోసారి ఫలితం తిరగబడుతుంది. ఏ వైపో జాకీ మీదే ఖాయం చేసుకోవాలి. ఇంకో మాట: స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోతున్నప్పుడు ‘టక్ టక్ టక్’ మంటే అది బేరింగు కాదు, డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటు.

ఇక జాకీ. చదును నేల మీద, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండు బ్రేకు లాగి, ముందు చక్రం లేపి కింద స్టాండు పెట్టండి. ఒట్టి జాకీ మీద బండి కిందికి చేతులు పోనివ్వద్దు. టైరును పైనా కిందా పట్టుకుని ఒక చేత్తో తోస్తూ ఇంకో చేత్తో లాగండి. తర్వాత ఎడమా కుడీ పట్టుకుని అలాగే చేయండి. రెండు దిక్కులా కదిలితే బేరింగు. పక్కలకి మాత్రమే కదిలితే టై రాడ్ ఎండు (స్టీరింగు కడ్డీ చివరి జాయింటు). పైకీ కిందికీ మాత్రమే కదిలితే కింది బాల్ జాయింటునూ చూడాలి. తేడా తేల్చడానికి ఒక కిటుకుంది: ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కమనండి. అప్పుడు హబ్బూ (చక్రాన్ని బిగించే, దానితోపాటు తిరిగే భాగం) నకులూ (బేరింగును పట్టి ఉంచే, తిరగని భాగం) ఒకటైపోతాయి. ఊగు మాయమైతే అది బేరింగుదే. బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంటే బాల్ జాయింటో, లోయర్ ఆర్మ్ బుష్షో చూడండి.

ఊగు లేదని బేరింగు బాగుందనుకుంటే పొరపాటు. రేసు (గుళ్లు దొర్లే ఉక్కు రింగు) మీద పైపొర రేకులుగా లేచిన తొలి దశలో ఊగు బొత్తిగా ఉండదు, చప్పుడే ఉంటుంది. అందుకే ఆఖరి పరీక్ష: గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేయి కాయిల్ స్ప్రింగు మీద వేసి, రెండో చేత్తో చక్రం తిప్పండి. బాగున్న బేరింగైతే చేతికి ఏమీ తెలియదు. పోయినదైతే ఇసక నలుగుతున్నట్టు సన్నని గరగర స్ప్రింగులోంచి వేళ్లకు తగులుతుంది. బ్రేకు ప్యాడు కాస్త రాసుకునే చప్పుడు మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెండోవైపు చక్రాన్నీ ఇలాగే తిప్పి పోల్చుకోండి.

వెనక చక్రాలు చూసేటప్పుడు చాలామంది మరిచేది హ్యాండు బ్రేకు. అది లాగి ఉంటే వెనక చక్రం తిరగదు. దాన్ని దించి, మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకు అడ్డం పెట్టాకే వెనక లేపండి. చెవిని నమ్మి ముందు బేరింగు మార్చేసినవారూ ఉన్నారు, తీరా చూస్తే వెనకది పోయి ఉంటుంది. ఒకరిని వెనక సీట్లో కూర్చోబెట్టి విననివ్వండి.

ప్రశ్న: రెండు నెలల క్రితం షెడ్డులో ముందు కుడి బేరింగు కొత్తది వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే రొద. పైగా మీటరులో ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలుగుతోంది. సామాను నకిలీదా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నకిలీ కావచ్చు గానీ, మా అనుమానం బిగించిన తీరు మీద. మంచి కంపెనీ సామాను కూడా తప్పుగా బిగిస్తే వందల కిలోమీటర్లలోనే పోతుంది. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాం. షెడ్డులో నిలబడి ఏం చూడాలో మీకు తెలిసి ఉండాలి.

చాలా చిన్న కార్లలో ముందు బేరింగు నకుల్ రంధ్రంలోకి బిగుతుగా దిగుతుంది, హబ్బు ఆ బేరింగు లోపలి రేసులోకి బిగుతుగా దిగుతుంది. సుత్తి పని కాదిది, ప్రెస్సు పని. బేరింగును నకుల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రేసు మీదే పడాలి. హబ్బును దించేటప్పుడు లోపలి రేసుకు కింద ఆధారం ఉండాలి. ఇది తారుమారైతే టన్నుల బరువు గుళ్ల మీదుగా దాటుతుంది. గుండు ఉన్నచోటల్లా రేసు మీద కంటికి సరిగా ఆనని సొట్ట పడుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా గుళ్లు ఆ సొట్టల్లో పడి లేస్తాయి. మీరు విన్న రొద అదే అయి ఉండొచ్చు. సుత్తితో దించినా ఇదే గతి.

పని జరిగే వరస ఇలా ఉండాలి. చక్రం కింద ఉండగానే, బ్రేకు తొక్కించి యాక్సిల్ నట్టు వదులు చేస్తారు. నట్టు వదులయ్యాక బండి బరువు ఆ చక్రం మీద మోపి తోయకూడదు. నట్టు పట్టే ఉంచేది రెండు లోపలి రేసులనూ, అది వదులైతే అవి విడిపోతాయి. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) విప్పి, తీగతో స్ప్రింగుకు కట్టాలి. బ్రేకు హోసు మీద వేలాడదీస్తే లోపల పొర చిట్లుతుంది. ఏబీఎస్ సెన్సరును నకుల్ కదిలించకముందే తీయాలి. తుప్పు పట్టి కదలకపోతే స్క్రూడ్రైవరుతో ఎగదన్నకుండా, తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగి మెల్లగా తిప్పాలి. స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఉండే భాగం) బోల్టులు విప్పేముందు వాటి స్థానానికి రంగుతో గీత పెడితే అలైన్‌మెంటు మరీ చెదరదు, అయినా పనయ్యాక ఒకసారి చూపించుకోవాలి. డ్రైవ్ షాఫ్టును బయటికి గుంజకూడదు, గేరుబాక్సు వైపు జాయింటు ఊడుతుంది.

హబ్బును ప్రెస్సుతో బయటికి తోస్తే పాత బేరింగు లోపలి రేసు ఒకటి తరచూ హబ్బుకే అంటుకుని వస్తుంది. దాన్ని గ్రైండరుతో ముప్పావు లోతు వరకే కోసి, ఉలితో ఒక్క దెబ్బ వేస్తే చిట్లి ఊడిపోతుంది. పూర్తిగా కోస్తే హబ్బుకు గాటు పడుతుంది. గాటు పడిన హబ్బు, నీలిరంగు తిరిగిన హబ్బు మార్చాల్సిందే. తర్వాత సర్‌క్లిప్ (బేరింగు జారకుండా పట్టి ఉంచే రింగు) తీసి బయటి రేసును తోసేస్తారు. రంధ్రం తుప్పు తుడిచి, సన్న ఎమరీతో శుభ్రం చేసి, పలచగా నూనె రాయాలి. పాత బేరింగు బయటి రేసు చుట్టూ కాస్త గ్రైండ్ చేస్తే, కొత్తదాన్ని దించడానికి అంతకంటే సరిపోయే అచ్చు ఉండదు.

కొత్త బేరింగును కాసేపు డీప్ ఫ్రీజులో పెట్టడం వల్ల లాభముందా అని కొందరు అడుగుతారు. ఉంది. 80 మిల్లీమీటర్ల బయటి వ్యాసమున్న ఉక్కు బేరింగు 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి చల్లబడితే సుమారు 0.045 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. ప్రెస్సు మీద ఆ మేరకు బలం తక్కువ పడుతుంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి, తీసిన వెంటనే దించండి. బేరింగును గ్యాసు మంటతో కాల్చడం మాత్రం వద్దు. సీలూ, గ్రీజూ రెండూ పోతాయి. సీలు వేసి వచ్చిన బేరింగులో గ్రీజు సరిపడా నింపే ఉంటుంది. కిరసనాయిలుతో కడగడం, సీలు లేపి గ్రీజు కూరడం చేయకూడదు.

కొందరు రంధ్రం అరిగి బేరింగు వదులైతే లోపల సెంటరు పంచితో చుక్కలు కొట్టి, లేదా రేకు చుట్టి బిగిస్తారు. కొన్నాళ్లు నిలుస్తుంది, అంతే. చుక్కల మొనలు నలిగాక బయటి రేసు మళ్లీ నకుల్‌లో తిరగడం మొదలెడుతుంది. నకుల్ మార్చడమే దారి, పాత సామాన్ల దుకాణంలో దొరికినా సరే.

ఏబీఎస్ లైటు సంగతి. ఇప్పటి బేరింగుల్లో చాలావాటికి ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. సెన్సరు దాన్ని చూసే వేగం లెక్కిస్తుంది. బేరింగును తిరగేసి బిగిస్తే అది సెన్సరుకు కనపడదు, లైటు వెలుగుతుంది. రెండువైపులా ఒకేలా కనిపిస్తే ఒక జెమ్ క్లిప్ ఆనించి చూడండి, అయస్కాంతం ఉన్నవైపుకు క్లిప్ మెల్లగా అంటుకుంటుంది. ఆ వైపు సెన్సరుకు ఎదురుగా రావాలి. బోల్టులు పోసుకునే అయస్కాంతపు పళ్లెంలో కొత్త బేరింగు పెట్టకూడదు, పట్టీ చెడుతుంది. మీది తిరగబడి ఉంటే విప్పి మళ్లీ అదే వేయడానికి కుదరదు. ఒకసారి తోసి తీసిన బేరింగు గుళ్ల మీద ఒత్తిడి పడే తీరుతుంది. ఇంకోటి కొనాల్సిందే, ఆ ఖర్చు షెడ్డుదా మీదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఆఖరున యాక్సిల్ నట్టు. కొత్తదే వేయాలి, టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగించామో చూపే రెంచి) బిగించాలి. చిన్న కార్లకు సాధారణంగా 170 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. గాలి గన్నుతో ‘డర్’ మనిపించి వదిలేస్తే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. తక్కువైతే రేసులు ఊగి గుళ్లు కొట్టుకుంటాయి, మరీ ఎక్కువైతే బేరింగు వేడెక్కుతుంది. రెంచి లేని పల్లె షెడ్డులో ఒక తాత్కాలిక లెక్క: నట్టు నుంచి సరిగ్గా ఒక మీటరు దూరంలో, నేలకు సమాంతరంగా ఉన్న పైపు చివర 20 కిలోల బరువు వేలాడితే పడేది సుమారు 196 న్యూటన్ మీటర్లు, అదీ పైపు బరువు కాక. ఊరు చేరాక రెంచితో సరిచూడాలి. బిగించాక నట్టు అంచును షాఫ్టు గాడిలోకి ఉలితో నొక్కడం మరవకూడదు.

ప్రశ్న: గుణుపురం నుంచి పత్తి, చింతపండు వేసుకుని తిరిగే పికప్ మాది. ముందు చక్రాల్లో టేపరు బేరింగులు (గుళ్లకు బదులు ఒక పక్కకు సన్నబడే రోలర్లు ఉండేవి). ప్రతి ఏడూ గ్రీజు పెట్టిస్తున్నా ఒక పక్కది అరిగిపోతోంది. గట్టిగా బిగిస్తే మేలా?
— ఒక డ్రైవరు, గుణుపురం

జవాబు: గట్టిగా బిగించడమే కారణం కావచ్చు. టేపరు రోలరుకు కొద్దిపాటి వదులు ఉంటేనే బతుకు. మరీ బిగిస్తే వేడెక్కి గ్రీజు కరిగి రోలరు రేసుకు పట్టేస్తుంది. కొంచెం వదులుగా ఉన్నది ఊగుతుంది గానీ నాలుగు రోజులు మొయ్యగలదు, బిగుతుది దారిలోనే ఆపేస్తుంది.

డస్టు క్యాపు, స్ప్లిట్ పిన్ను, నట్టు, వాషరు తీశాక బయటి బేరింగును అరచేతిలో పట్టుకోండి, లేకుంటే మట్టిలో పడుతుంది. రెండు బేరింగులూ కిరసనాయిలులో కడిగి గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. గాలి గన్నుతో గిర్రున తిప్పి ఆరబెట్టకండి, నూనె లేకుండా తిరిగి గీతలు పడతాయి. రోలర్ల మీద బూడిద రంగు గుంటలు, నీలిరంగు, అడ్డగీతలు కనిపిస్తే మార్చాలి. మారిస్తే లోపలిదీ బయటి కప్పూ (బయటి రేసు) జతగా మార్చాలి. పాత కప్పులో కొత్త రోలర్లు వేస్తే నెలలు తిరక్కుండా మొదటికొస్తుంది. మీకు ఒక పక్కే పోతోందంటే ఆ కప్పును ఇంతవరకు మార్చలేదేమో చూడండి. కప్పును ఇత్తడి కడ్డీతో అటొక దెబ్బ, ఇటొక దెబ్బ వేస్తూ దించాలి. అడుగుకు ఆనినప్పుడు దెబ్బ చప్పుడు మారి గట్టిగా మోగుతుంది. అది వినేదాకా ఆగొద్దు.

గ్రీజు విషయంలో మన దగ్గర జరిగే తప్పు చాసిస్ గ్రీజు వాడటం. నిప్పిళ్లకు కొట్టే కాల్షియం గ్రీజు నూరు డిగ్రీల దరిదాపుల్లోనే కరిగిపోతుంది. డిస్కు బ్రేకు పక్కనున్న హబ్బుకు లిథియం కాంప్లెక్సు రకం, నంబరు 2 గ్రీజు కావాలి. రెండు రకాలు కలపొద్దు, ఒకదాన్నొకటి పలచబరుస్తాయి. రంగు చూసి రకం తెలియదు. పాతదంతా తుడిచేసి, కొత్త గ్రీజు ముద్దను అరచేతిలో పెట్టుకుని బేరింగు వెడల్పు అంచును దానికేసి కుక్కుతూ పోండి. రోలర్ల మధ్య నుంచి రెండో పక్కకు ఊరి వచ్చినప్పుడే నిండినట్టు. హబ్బు బోలును మూడో వంతే నింపాలి. కిక్కిరిసి నింపితే గ్రీజుకు చోటు లేక వేడెక్కి సీలు తన్నుకుని బ్రేకు మీదికి వస్తుంది. సీలు ఎప్పుడూ కొత్తదే, అంచుకు పలచగా గ్రీజు రాసి వేయండి.

బిగింపు: చక్రం తిప్పుతూ నట్టును ఓ మాదిరిగా బిగించండి, రోలర్లు కుదురుకుంటాయి. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేసి, రెంచి పక్కన పెట్టి చేతి వేళ్లతో ఆనే వరకు తిప్పండి. పిన్ను రంధ్రం కలవకపోతే బిగువ వైపుకు కాకుండా వదులు వైపుకు తిప్పి కలపండి. సరైన ఊగు 0.03 నుంచి 0.13 మిల్లీమీటర్లు, అంటే ఊపితే ఉందా లేదా అన్నట్టు తెలియాలి. రెండు నట్లు ఒకదానిపై ఒకటి ఉండే రకమైతే, పై నట్టు బిగించాక ఊగు తగ్గుతుంది, మళ్లీ చూసుకోవాలి. పిన్ను కొత్తది. 15 కిలోమీటర్లు ఖాళీగా, బ్రేకు తక్కువ వాడుతూ తిరిగొచ్చి రెండు హబ్బుల మీద చేయి పెట్టి పోల్చండి. ఒకటి చేయి పెట్టలేనంత కాలుతుంటే బిగుతైంది, లేదా ఆ పక్క బ్రేకు పట్టేస్తోంది. చక్రం లేపి తిప్పితే రెంటిలో ఏదో తెలిసిపోతుంది.

ప్రశ్న: జయపురం నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు తరచూ వెళ్తాం. బేరింగు మోగుతోంది, ఇంకెన్నాళ్లు నడపొచ్చు?
— ఒక చిరు వ్యాపారి, జయపురం

జవాబు: ఇన్ని కిలోమీటర్లని లెక్క చెప్పేవారిని నమ్మకండి. ఊగు లేకుండా ఒట్టి హోరే ఉంటే షెడ్డు దాకా మెల్లగా వెళ్లొచ్చు. ఊగు వచ్చాక ఘాట్ ఎక్కొద్దు, దిగొద్దు. కారణం బ్రేకు. హబ్బు ఊగితే డిస్కు అటూ ఇటూ కొట్టి ప్యాడ్లను వెనక్కి తోసేస్తుంది. మలుపు తిరిగాక మొదటిసారి తొక్కితే పెడలు కిందికి పోతుంది, రెండోసారి తొక్కితేనే పట్టు దొరుకుతుంది. ఆ మొదటి తొక్కుడు హెయిర్‌పిన్ మలుపులో అవసరపడితే ఏమవుతుందో మీకు తెలుసు. గరగర మారి లోహం కోస్తున్న చప్పుడు వచ్చినా, స్టీరింగు ఒణికినా బండి అక్కడే ఆపి లారీ మీద తెప్పించండి.

ప్రశ్న: వంశధార పొంగినప్పుడు రోడ్డు మీది నీళ్లలోంచి రెండుసార్లు దాటాం. బేరింగుకు దెబ్బేనా?
— ఒక పాఠకురాలు, కాశీనగర్

జవాబు: 14 అంగుళాల చక్రమున్న చిన్న కారులో హబ్బు మధ్యభాగం నేలకు 29 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటుంది. అంటే అడుగు లోతు నీళ్లకే బేరింగు మునుగుతుంది. పరుగెత్తి వేడెక్కిన బేరింగు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని సీలు అంచు నుంచి నీటిని లోపలికి లాగుతుంది. గ్రీజు పాలలా మారుతుంది, రేసు తుప్పు పడుతుంది. చప్పుడు ఆ రోజే రాదు, వారాలు, నెలలు పట్టొచ్చు. సీలున్న బేరింగుకు చేయగలిగింది కనిపెట్టి ఉండటమే. టేపరు రకమైతే ఆ వారమే విప్పి గ్రీజు మార్చండి. వెనక డ్రమ్ములూ చూపించండి. ఇంటి దగ్గర ప్రెషర్ వాషరుతో కడిగేటప్పుడు గొట్టం మొనను హబ్బు మధ్యకు ఆనించి కొట్టడం కూడా దాదాపు ఇదే పని చేస్తుంది.

ప్రశ్న: ఒక పక్కది పోతే రెండూ మార్చాలా? కొనేటప్పుడు ఏం చూడాలి?
— బరంపురం నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: పోయినదొక్కటే మార్చండి. షాకబ్జార్బర్లలా దీన్ని జతగా మార్చాల్సిన అవసరం లేదు. కొనేటప్పుడు పాతదాని మీది నంబరు రాసుకుని వెళ్లండి. ఉదాహరణకు డీఏసీ 40740040 అని ఉంటే లోపలి వ్యాసం 40, బయటి వ్యాసం 74, వెడల్పు 40 మిల్లీమీటర్లు. కొలతలు కలిసినంత మాత్రాన సరిపోదు, మీ బండికి ఏబీఎస్ ఉంటే అయస్కాంతపు పట్టీ ఉన్నదే అడగండి. ఆ రెండు రకాలూ కొలతల్లో ఒకటే, అలమరలో పక్కపక్కనే ఉంటాయి. పెట్టె మీది నంబరూ, రేసు మీద చెక్కిన నంబరూ ఒకటేనా చూడండి. చెక్కడం సన్నగా, సమంగా ఉండాలి, గోటితో గీకితే చెరిగేది వద్దు. బిల్లు తీసుకోండి, పెట్టెను మెకానిక్ ముందే విప్పించండి.